చోడి అంబలి తాగుతున్నా షుగరు తగ్గడం లేదేం?

సందేహాలు - సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అరకు, పాడేరు, చింతపల్లి వైపు నుంచి వచ్చినవి. అందుకని మిగతా ప్రాంతాల వాళ్ల ఉత్తరాలు వచ్చే సంచికకు ఉంచి, ఈ పేజీలన్నీ కొండ మీది వాళ్లకే ఇస్తున్నాను. షుగరు బయటపడగానే చేతిలో పెట్టే డైట్ చార్టు పట్నంలో తయారైంది. ఓట్స్, గోధుమ రొట్టె, ఆపిల్ ముక్క, సాయంత్రం పార్కులో నడక. పోడు చేసుకునే మనిషికి, కాఫీ తోటలో కూలికి వెళ్లే మనిషికి, వారానికి ఒక్క సంతే దిక్కైన ఇంటికి ఆ కాగితం పనికిరాదు. దాన్ని పాటించలేక విసిగిపోయి మందు కూడా పక్కన పడేస్తున్నారు. నాకు బాధ కలిగించేది అదే.

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉందని, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారని తేల్చింది. కొండ ఎక్కినంత మాత్రాన అది మనల్ని వదిలిపెట్టదు. కాకపోతే ఇక్కడ తిండి వేరు, పని వేరు, కొన్నిసార్లు రక్తం తీరే వేరు. కాబట్టి సలహా కూడా వేరుగా ఉండాలి.

● మా ఇంటాయనకు 46 ఏళ్లు. సంత దగ్గర పెట్టిన క్యాంపులో చూపిస్తే పరగడుపున 168, తిన్నాక 260 వచ్చింది. అన్నం మానేసి చోళ్లు తినమన్నారు. అప్పటి నుంచి మూడు పూటలా చోడి అంబలే. అయినా తిన్నాక 240కి తక్కువ రావడం లేదు. చోళ్లు మంచివి కావా?
— ఒక సోదరి, డుంబ్రిగూడ మండలం

చోళ్లు (రాగులు) మంచివే తల్లీ. కాని ఎంత తిన్నా ఫరవాలేదని ఎవరైనా చెప్పి ఉంటే ఆ మాట నమ్మకండి. వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములుంటే, చోళ్లలో 67 గ్రాముల దాకా ఉంటుంది. ఒంట్లోకి వెళ్లాక రెండూ చక్కెరగా మారేవే. చోళ్ల బలమంతా పీచులో ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం వంద గ్రాముల చోళ్లలో 11 గ్రాముల పీచు ఉంటుంది, మరపట్టిన బియ్యంలో మూడు గ్రాములు కూడా ఉండదు. ఆ పీచు అడ్డుపడుతుంది కాబట్టి చక్కెర రక్తంలోకి మెల్లగా దిగుతుంది. అయితే ఆ పని జరగాలంటే చోళ్లు గట్టిగా, నమిలి మింగేలా కడుపులోకి వెళ్లాలి.

అంబలితో చిక్కు అక్కడే వస్తోంది. పిండిని మరలో మెత్తగా ఆడించి, నూకలు కలిపి, బాగా ఉడికించి, జారుగా తాగితే నమిలే పనే లేదు. అరగడంలో సగం పని పొయ్యి మీదే అయిపోతుంది. తాగిన గంటలోపే చక్కెర పైకి లేస్తుంది. పైగా పొలానికి పట్టుకెళ్లేది గిన్నెడు కాదు, ఆనపకాయ బుర్ర నిండా. దాహమేసినా అదే, ఆకలేసినా అదే. అలా రోజంతా కొంచెం కొంచెంగా తాగుతూ ఉంటే చక్కెర దిగడానికి సందు ఎక్కడుంటుంది?

మానేయమని చెప్పను. ఎండలో పనిచేసే మనిషికి అంబలి తిండీ నీళ్లూ రెండూ. ఒక పూటకు ఉంచండి. నూకలు వేయకండి. పిండి మరీ మెత్తగా కాకుండా కాస్త బరకగా ఆడించండి. చిక్కగా కాచి పెద్ద గ్లాసుడు ఇవ్వండి. దానితో ఉల్లిపాయ, మిరపకాయ మాత్రమే కాకుండా ఒక ఉడికించిన గుడ్డో, గుప్పెడు ఉడికించిన కందులో, బొబ్బర్లో పెట్టండి. పొలంలో దాహానికి మామూలు నీళ్లు వేరే సీసాలో పంపండి. రెండో పూట సామన్నం వండండి. సామల్లో పీచుతో పాటు మాంసకృత్తులు కూడా బియ్యంలో కంటే ఎక్కువ. మూడో పూట ఆయన అన్నమే తిననివ్వండి. కాకపోతే కంచంలో పావు వంతుకు మించకూడదు. సగం కంచం ఆకుకూర, కాయగూర, వానాకాలమైతే బాగా ఉడికించి నీళ్లు పారబోసిన వెదురు కొమ్ముల కూర. మిగిలిన పావు వంతు పప్పు, గుడ్డు, చేప, కోడి, ఏది ఉంటే అది. ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం కలుపుకుంటే తిన్నాక లేచే చక్కెర ఇంకొంచెం తగ్గుతుంది. ఖర్చు లేని పని ఇది.

ఇక్కడ మనసులో ఉన్న మాట ఒకటి చెప్పాలి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఎన్నో ఇళ్లలో ఆకలి తీరింది. అది చిన్న మేలు కాదు. ఇప్పుడు మనిషికి నెలకు ఐదు కిలోల బియ్యం ఉచితంగా వస్తోంది. బియ్యం ఇంటికే వస్తుంటే సామలు దంచే ఓపిక ఎవరికుంటుంది? ఆ శ్రమ ఎప్పుడూ ఆడవాళ్లదే కాబట్టి దంచడం మానేశారని తప్పుపట్టలేను. కాని కంచంలో అన్నం గుట్టగా పెరిగి, దాని పక్కన ఉండాల్సిన పప్పు మాయమైంది. మీ కొండల్లోనే రాజ్‌మా పండుతుంది, కందులు పండుతాయి. అవి బస్తాలకెత్తి సంతలో అమ్మేసి, ఇంటికి కారమూ ఉప్పుచేపా తెచ్చుకుంటున్నారు. అమ్మే ముందు ఏడాదికి సరిపడా ఒక కుండలో తీసి దాచండి. మీ ఇంటాయన మందుల్లో అదీ ఒకటి అనుకోండి.

ఇంకో సంగతి. మీ ఉత్తరంలో మాత్రల ఊసే లేదు. పరగడుపున 168 ఉన్న మనిషికి తిండి మార్పు ఒక్కటే చాలుతుందని చెప్పలేను. మీ పీహెచ్‌సీలో డాక్టరుకు చూపించి, ఇచ్చిన మాత్ర వాడండి. ఆశా కార్యకర్త దగ్గరో, ఏఎన్ఎం దగ్గరో షుగరు చూసే మిషన్ ఉంటుంది. ఒకరోజు అంబలి తాగిన రెండు గంటలకు, ఇంకోరోజు సామన్నం, పప్పు తిన్న రెండు గంటలకు చూపించండి. ఆ రెండు అంకెల తేడా చూస్తే నేను ఇంత రాసిన దానికంటే బాగా అర్థమవుతుంది. రెండు గంటలకు 180 లోపు ఉండాలి.

● నాకు 34 ఏళ్లు. పొడుగు ఐదడుగుల మూడంగుళాలు, బరువు 44 కిలోలు. కాఫీ తోటలో కూలి. దాహం, నీరసం, రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నాను. షుగరు 340 అన్నారు. బరువు తగ్గాలి, అన్నం తగ్గించాలి, నడవాలి అని అచ్చేసిన కాగితం ఇచ్చారు. నేనింకా ఏం తగ్గాలి?
— అనంతగిరి మండలం

మీరు ఒక్క కిలో కూడా తగ్గకూడదు. ఆ కాగితం మీకోసం రాసింది కాదు. తిండి తగ్గించవద్దు. ఈ వారంలోనే అరకు గాని, పాడేరు గాని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి పెద్ద డాక్టరుకు చూపించుకోండి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత వీటిలో ఏది వచ్చినా వారం ఆగకుండా ఆ రోజే వెళ్లాలి.

షుగరు అంటే లావుగా ఉన్నవాళ్లకే వస్తుందన్న అభిప్రాయం డాక్టర్లలో కూడా బలంగా పాతుకుపోయింది. పొట్ట ఉన్నవాళ్లలో ఇన్సులిన్ ఉంటుంది గాని పని చేయదు. బక్కపలచని కూలి మనిషిలో చాలాసార్లు అసలు ఇన్సులినే సరిపడా తయారు కాదు. కారణాలు చాలా ఉండొచ్చు. పెద్దయ్యాక మొదలైన టైప్ 1 కావచ్చు. క్లోమంలో రాళ్లు ఉండొచ్చు. మీ పొడుగుకు 44 కిలోలంటే క్షయ లేదని కూడా తేల్చుకోవాలి, షుగరు ఉన్నవాళ్లకు క్షయ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ. దగ్గు లేకపోయినా తెమడ పరీక్ష, ఎక్స్‌రే అడిగి చేయించుకోండి.

వీటిలో ఏదీ కాకపోతే ఇంకొకటి ఉంది. కడుపులో ఉన్నప్పటి నుంచి, చిన్నతనమంతా చాలీచాలని తిండితో పెరిగిన వాళ్లకు వచ్చే మధుమేహం అది. 1955లో జమైకా దీవిలో హ్యూ-జోన్స్ అనే డాక్టరు దీన్ని మొదట గుర్తించి రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో దానికి జాబితాలో ఒక స్థానం ఇచ్చి, రుజువులు చాలవని 1999లో తీసేసింది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్లు, న్యూయార్క్ పరిశోధకులు కలిసి ఇలాంటి బక్కపలచని రోగుల్ని జాగ్రత్తగా పరీక్షించి, వీళ్లలో లోపం ఇన్సులిన్ పని చేయకపోవడంలో కాదు, తయారు కాకపోవడంలోనే ఉందని 2022లో చూపించారు. 2025 జనవరిలో వెల్లూరులో నిపుణులు సమావేశమయ్యారు, ఏప్రిల్‌లో బ్యాంకాక్ మహాసభలో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దీన్ని టైప్ 5 అని గుర్తించింది. ఇన్నేళ్లూ పేదవాళ్ల జబ్బుకు పేరు కూడా లేకుండా పోయింది. మీలాంటి వాళ్లకు తప్పుడు కాగితాలు అందడానికి అదీ ఒక కారణం.

మీకు ఇది ఉందని ఉత్తరం చూసి చెప్పలేను. కాని డాక్టరు దగ్గర మీ బరువు, పొడుగు, చిన్నప్పటి తిండి సంగతి దాచకుండా చెప్పండి. ఇన్సులిన్ అవసరమంటే భయపడకండి. ఇలాంటి ఒంటికి తక్కువ మోతాదే సరిపోవచ్చు, తిండి లేని రోజు అదే మోతాదు ప్రమాదం కూడా కావచ్చు. అందుకే పని దొరకని వారాల్లో మీ ఇంట్లో ఎన్ని పూటలు వండుతారో డాక్టరుకు తెలియాలి. సిగ్గుపడాల్సింది మీరు కాదు. రోజూ రెండు గుడ్లు, రెండు పూటలా పప్పు, వేరుశనగలు, కూరలో వలిసె నూనె తగ్గించకుండా తినండి. అన్నం మానొద్దు.

● నేను అంగన్‌వాడీ కార్యకర్తను, 39 ఏళ్లు. పరగడుపున రెండుసార్లు చూస్తే 148, 152. విశాఖలో మూడు నెలల సగటు పరీక్ష చేయిస్తే 5.4 వచ్చింది. ఇంట్లో వాళ్లు నీకేమీ లేదంటున్నారు. ఏది నమ్మాలి?
— హుకుంపేట మండలం

పరగడుపు అంకెనే నమ్మండి. రెండు వేర్వేరు రోజుల్లో 126 గాని, ఆ పైన గాని వస్తే మధుమేహం ఉన్నట్టే.

మూడు నెలల సగటు పరీక్షను హెచ్‌బీఏ1సీ అంటారు. ఎర్రరక్తకణాలకు ఎంత చక్కెర అంటుకుందో చూసి లెక్క చెబుతుంది. ఆ కణం సుమారు 120 రోజులు బతుకుతుందన్న నమ్మకం మీద ఆ లెక్క నడుస్తుంది. మన కొండల్లో ఆ నమ్మకం చాలామంది విషయంలో తప్పుతుంది. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లలో కణాలు ముందే చనిపోతాయి. చక్కెర అంటుకోవడానికి వ్యవధి చాలక అంకె తక్కువగా వస్తుంది. జబ్బు లేకుండా వాహకులుగా ఉన్నవాళ్లలోనూ పరీక్ష పద్ధతిని బట్టి తేడా రావచ్చు. మలేరియా వచ్చి తగ్గినా, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా నమ్మలేం. ఇనుము తక్కువై రక్తహీనత ఉన్న ఆడవాళ్లలో దీనికి విరుద్ధంగా, షుగరు లేకపోయినా అంకె పైకి చూపవచ్చు. ఒకే ఊళ్లో ఒకరికి లేని ధైర్యం, ఇంకొకరికి లేని భయం.

సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో మొదలుపెట్టారు. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందిని పరీక్షించాలన్నది లక్ష్యం, ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. ఆ పరీక్ష మీకు జరిగి ఉంటే కార్డు తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. జరగకపోతే అడిగి చేయించుకోండి. షుగరు తేల్చుకోవడానికి పరగడుపు పరీక్ష, 75 గ్రాముల గ్లూకోజు తాగాక రెండు గంటలకు చేసే పరీక్ష మీకు సరైనవి. రెండోది 200 దాటితే సందేహమే లేదు. ఇక మీదట కూడా మందు పనిచేస్తోందా లేదా అన్నది వేలి రక్తం అంకెలతోనే చూసుకోండి. మీ దగ్గరికొచ్చే గర్భిణులకు కూడా ఈ సంగతి చెబుతారని ఆశిస్తాను.

● మా నాన్నకు 58. పొద్దున్నే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని పోడుకు వెళ్తాడు. అంబలి అక్కడికి చేరేసరికి పదకొండవుతుంది. ఆలోగా వణుకు, చెమటలు అంటాడు. మొన్న సాయంత్రం జీలుగ కల్లు తాగి వచ్చి పడిపోయాడు. తాగి పడ్డాడనుకుని పడుకోబెట్టాం. అర్ధరాత్రి పిలిస్తే పలకలేదు. ఆసుపత్రిలో షుగరు 38 అన్నారు. మాత్ర మానేయాలా?
— పెదబయలు మండలం

బాబూ, మీ నాన్న బతికి బయటపడ్డాడు. ఈ ఉత్తరం చదివేవాళ్లందరూ మీ ఇంట్లో జరిగినదాన్ని గుర్తుపెట్టుకోవాలి.

గ్లిమిపిరైడ్ తిండి ఉందా లేదా అని చూడదు. క్లోమాన్ని పిండి ఇన్సులిన్ బయటికి తెస్తుంది. ఆ ఇన్సులిన్ వచ్చే సమయానికి కడుపులో తిండి ఉండాలి. ఖాళీ కడుపుతో మాత్ర వేసుకుని, కొండెక్కి, గొడ్డలి పట్టుకుంటే కండరాలు కూడా చక్కెరను లాగేసుకుంటాయి. అందుకే ఆ వణుకు, ఆ చెమట. ఇక కల్లు. చక్కెర పడిపోయినప్పుడు కాపాడేది కాలేయం, తన దగ్గర దాచుకున్నదీ, కొత్తగా తయారుచేసిందీ రక్తంలోకి వదులుతుంది. లోపల మద్యం ఉంటే కాలేయం ఆ పని సరిగా చేయలేదు. తీపి కల్లు మొదట చక్కెరను పెంచుతుంది, కొన్ని గంటలకు కిందికి లాగేస్తుంది. ఇప్పసారా అయితే ఆ మొదటి పెంపు కూడా ఉండదు. అన్నిటికంటే ఘోరం, చక్కెర పడిపోయిన మనిషి తాగిన మనిషిలాగే ఉంటాడు. మాట తడబడుతుంది, కాళ్లు తూలతాయి, చిరాకు పడతాడు, పడిపోతాడు. నోట్లో కల్లు వాసన ఉంటే ఇంకెవరికి అనుమానం వస్తుంది?

ఇప్పుడు చేయాల్సింది. మాత్రను మీకై మీరు ఆపొద్దు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి జరిగిందంతా చెప్పండి. చక్కెరను ఇంతగా పడగొట్టని మందులు ఉన్నాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే సాధారణంగా ఇలా కాదు. ఇలాంటి పని చేసే మనిషికి మందు మార్చడమే మంచిదని నా అభిప్రాయం. డాక్టరును కలిసేదాకా ఒకే నియమం: కంచం ముందుకొచ్చాకే మాత్ర. పొలానికి పదకొండింటికి అంబలి వెళ్తే మాత్ర కూడా పదకొండింటికే. ఆ పూట తిండి లేకపోతే ఆ మాత్ర కూడా లేదు.

మొల దగ్గర గుడ్డలో పంచదార పొట్లం కట్టుకుని వెళ్లమనండి. వణుకు మొదలవగానే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. పావుగంటకు తగ్గకపోతే ఇంకోసారి. తగ్గాక కడుపునిండా తినాలి, లేకపోతే మళ్లీ పడిపోతుంది. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు, పంచదార ఏదీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి, సిగ్నల్ లేకపోతే డోలీ కట్టి రోడ్డు దాకా చేర్చండి. ఈ మాత్ర ప్రభావం రోజంతా ఉండొచ్చు కాబట్టి తేరుకున్నాక కూడా ఆసుపత్రిలో ఒకరోజు ఉంచాలి.

కల్లు సంగతి. మానితే మేలు, అందులో రెండో మాట లేదు. పండగనాడు, ఇటుకల పండగకో కొత్త పండగకో మానలేనంటే ఖాళీ కడుపుతో మాత్రం తాగనివ్వకండి. తిన్న తర్వాత ఒక్క చిన్న డొప్పెడు, అంతే. ఆ రాత్రి పడుకునే ముందు ఒకసారి లేపి మాట్లాడించండి. తెల్లవారుజామున ఇంకోసారి.

● కొండతేనె తింటే షుగరు పెరగదంటారు నిజమా? వేగిస చెక్క గ్లాసులో నీళ్లు, పొడపత్రి ఆకు వాడుతున్నాను. మాత్రలు మానొచ్చా?
— చింతపల్లి

తేనెలో నూటికి ఎనభై పాళ్లు చక్కెరే. అడవిలో పట్టినా, గిరిజన సహకార సంస్థ (జీసీసీ) సీసాలో కొన్నా తేడా లేదు. నల్లబెల్లమూ అంతే. వేగిస మీద ఐసీఎంఆర్ పరిశోధన చేయించి 1998లో ఫలితాలు ప్రచురించింది. కొత్తగా జబ్బు బయటపడి, తీవ్రత తక్కువగా ఉన్నవాళ్లకు తూకం ప్రకారం ఇచ్చిన సారంతో కొందరిలో చక్కెర తగ్గింది. గ్లాసులో రాత్రంతా నానిన నీళ్లలో ఆ సారం ఎంత దిగుతుందో ఎవరూ చెప్పలేరు, ఆ గ్లాసు పాతబడేకొద్దీ ఇంకా తగ్గుతుంది. పొడపత్రికి కొంత గుణం ఉంది. అందుకే గ్లిమిపిరైడ్‌తో కలిపి తింటే పై ఉత్తరంలో చదివిన ముప్పు మీకూ రావచ్చు. అడవి మందును నేను చులకన చేయను. వాడుతున్నారని డాక్టరుకు చెప్పి వాడండి. మాత్రలు మానొద్దు.

● అరకు కాఫీ తాగొచ్చా?
— అరకు లోయ

పంచదార లేకుండా అయితే రోజుకు రెండు మూడు కప్పులు హాయిగా తాగండి.

● మా అత్తకు పదేళ్లుగా షుగరు. చలికాలం కుంపటి దగ్గర కాళ్లు చాపి కూర్చుంటుంది. మొన్న అరికాలు కాలి బొబ్బ వచ్చినా నొప్పి తెలియలేదంది. చెప్పులు వేసుకోదు. ఏం చేయాలి?
— లంబసింగి దగ్గర ఒక పాఠకురాలు

నొప్పి తెలియలేదన్నదే అసలు జబ్బు. పదేళ్ల చక్కెర కాలి నరాలను దెబ్బతీసింది. కాళ్లు తిమ్మిరిగా, చల్లగా అనిపిస్తాయి కాబట్టి నిప్పుకు ఇంకా దగ్గరగా జరుగుతుంది. కాలినా తెలియదు. కాలు తీసేయాల్సి వచ్చిన వాళ్లను చూశాను, మొదలు ఇలాంటి చిన్న బొబ్బే.

ఇంట్లోనే చేసే పరీక్ష ఒకటి చెబుతాను. అత్తను మంచం మీద పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. మీ చూపుడు వేలి కొనతో ఆమె కాలి బొటనవేలి చివర తేలిగ్గా తాకండి, ఒకటి రెండు సెకన్లు చాలు. నొక్కకూడదు, రాయకూడదు, గిచ్చకూడదు. తెలిసినప్పుడు కుడి, ఎడమ అని చెప్పమనండి. అలాగే మధ్యవేలు, చిటికెనవేలు. రెండు కాళ్లకూ కలిపి ఆరు చోట్లు. ఆరింటిలో రెండుగాని, అంతకంటే ఎక్కువగాని చెప్పలేకపోతే స్పర్శ పోయినట్టే లెక్క. అప్పుడు ఆ కాళ్లను ఆమె బదులు మీరు కాపలా కాయాలి.

కుంపటికి కనీసం రెండు మూరల దూరం. నిప్పు బదులు ఉన్ని మేజోళ్లు తొడగండి, వేడినీళ్ల సీసా కూడా వద్దు. చెప్పులు కొరుకుతాయి కాబట్టే ఆమె వేసుకోదు. సంతలో ముందు భాగం వెడల్పుగా, మెత్తగా ఉండే మూసిన చెప్పులు, లేదా ఒక సైజు పెద్ద కాన్వాస్ బూట్లు కొనండి. సాయంత్రం పూట కొనండి, అప్పుడు పాదం కాస్త వాచి ఉంటుంది. వేసుకునే ముందు ప్రతిసారి లోపల చెయ్యి పెట్టి చూడాలి, చిన్న రాయి ఉన్నా ఆమెకు తెలియదు. రాత్రి కాళ్లు కడిగి, వేళ్ల మధ్య తడి లేకుండా తుడిచి, దీపం వెలుగులో అరికాళ్లు చూడండి. బొబ్బ చిదపకండి. ఆకుపసరు, పసుపు ముద్ద, కాఫీ పొడి ఏదీ పెట్టకండి. శుభ్రమైన గుడ్డ కట్టి రేపే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నొప్పి లేదు కదా అని ఆగొద్దు.

● ఆశ్రమ పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి, 42 ఏళ్లు. మా తాత ముత్తాతలు కొండలెక్కి దిగేవాళ్లు. నాకు షుగరు ఎలా వచ్చింది?
— ముంచింగిపుట్టు

ఆ కొండలు మీరు ఎక్కడం లేదు కాబట్టి. తాతగారి అన్నం కంచం మీకు వచ్చింది, ఆయన నడక రాలేదు. బండి మీద బడికి, బడి నుంచి ఇంటికి, మధ్యలో కుర్చీ. బండిని ఊరి మొగలో ఆపి చివరి కిలోమీటరు నడవండి, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ. భోజనం చేశాక పావుగంట నడిస్తే తిన్నాక లేచే చక్కెర మీద నేరుగా పనిచేస్తుంది. సాయంత్రం పిల్లలతో కలిసి థింసా ఆడితే నాకు ఇంకా సంతోషం. మీ పొట్ట కొలత రాయలేదు. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. దాటి ఉంటే మొదట అన్నం సగం చేయండి, హాస్టల్ వంటలో మిగిలిన ఉప్మా, టీతో బిస్కెట్లు ఆపేయండి. మీరు చదువుకున్నవారు, బడిలో వంటవాళ్లు, కాపలాదారు, తల్లిదండ్రులు ముప్పై ఏళ్లు దాటినవాళ్లందరినీ ఉచిత షుగరు, బీపీ పరీక్షకు తీసుకెళ్లగలరు. ఆ పని చేయండి.

● మా అమ్మకు ఇన్సులిన్ రాశారు. ఇంట్లో ఫ్రిజ్ లేదు, కరెంటు కూడా నిలకడగా ఉండదు. ఎలా దాచాలి?
— జి.మాడుగుల మండలం

ఫ్రిజ్ లేదని ఇన్సులిన్ మానాల్సిన పని లేదు. వాడుతున్న సీసా 25 నుంచి 30 డిగ్రీల లోపు నీడలో ఉంటే సుమారు నాలుగు వారాలు పనిచేస్తుంది, సీసా మీద రాసిన గడువు కూడా చూసుకోండి. మీ కొండల్లో ఏడాదిలో చాలా నెలలు ఆ చల్లదనం ఇంట్లోనే దొరుకుతుంది. ఎండాకాలానికి ఒక వెడల్పాటి మట్టిపాత్రలో ఇసుక పోసి, దాంట్లో చిన్న కుండ దించి, ఇసుకను రెండు పూటలా తడపండి. సీసాను మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఆ కుండలో ఉంచండి. తడిగుడ్డ కప్పండి. గాలి తగిలే మూల కావాలి, పొయ్యికి, అటకకు దూరంగా. తెరవని సీసాలు నెలనెలా ఒక్కటే తెచ్చుకోండి. మిగతావి పీహెచ్‌సీ ఫ్రిజ్‌లో ఉంచమని ఏఎన్ఎంను అడగండి. సంత నుంచి తెచ్చేటప్పుడు బండి డిక్కీలో పెట్టొద్దు, చేతిసంచిలో తడిగుడ్డ చుట్టి తేవాలి. మొదటిసారి సూది గుచ్చిన తేదీ సీసా మీద పెన్నుతో రాయండి.

తేటగా, నీళ్లలా ఉండాల్సిన ఇన్సులిన్ మబ్బుగా మారినా, మబ్బుగా ఉండే రకంలో చేతుల మధ్య దొర్లించాక కూడా ముద్దలు, గోడలకు అంటిన పొర కనిపించినా వాడొద్దు. పొడిచే చోటు రోజూ రెండువేళ్ల దూరం జరపండి. అమ్మ తినే పళ్లెం ముందుకొచ్చాకే సూది. వాడిన సూదులు మూత బిగించే గట్టి డబ్బాలో వేసి, నిండాక ఏఎన్ఎంకు ఇవ్వండి.